ప్రజాగరపర్వమందలి సంఖ్యాక్రమము: నీతిధారణము, నీతిస్ఫురణము

మహాభారతమందలి ఉద్యోగపర్వములో ప్రజాగరపర్వమని వ్యవహరింపబడు భాగమునే లోకము విదురనీతి యనుచున్నది. పాండవుల కడనుండి మరలివచ్చిన సంజయుడు ధృతరాష్ట్రుని నిందించి, ధర్మరాజు సందేశమును మరునాడు సభలోనే చెప్పెదనని యింటికి వెడలిపోవును. సందేశమేమో తెలియక వృద్ధరాజునకు నిద్ర పట్టదు. ద్వారపాలకుని పంపి విదురుని పిలిపించుకొనును. బలవంతునిచే ఎదిరింపబడిన దుర్బలుడు, సర్వస్వమును కోల్పోయినవాడు, కాముకుడు, దొంగ - వీరికి నిద్ర రాదని లెక్కించి, ఇట్టి దోషములు నిన్ను తాకలేదు గదా యని విదురుడు సున్నితముగా అడుగుటతో ఆ రాత్రి ప్రసంగము ప్రారంభమగును. ప్రారంభమే లెక్కతో జరుగుట గమనింపదగినది.

పండితుని లక్షణములను, మూఢుని లక్షణములను చెప్పిన పిదప విదురుడు ఒకటి మొదలు పదివరకు గల సంఖ్యలను వరుసగా పట్టుకొని నీతులను వానికి తగిలించును. క్షమాశీలుర కొకటే దోషము. వారి యోర్పును లోకము చేతగానితనమని తలచును. రాజు మంత్రాలోచనకు పిలువరానివారు నలుగురు: అల్పప్రజ్ఞుడు, దీర్ఘసూత్రుడు, తొందరపాటువాడు, స్తుతిపాఠకుడు. పరిచర్య చేయదగిన అగ్ను లైదు: తండ్రి, తల్లి, అగ్ని, ఆత్మ, గురువు. అభివృద్ధిని కోరువాడు విడువవలసిన దోషము లారు: నిద్ర, తంద్ర, భయము, క్రోధము, ఆలస్యము, దీర్ఘసూత్రత. పురుషుని ప్రకాశింపజేయు గుణము లెనిమిది. ప్రజ్ఞ, కులీనత, దమము, శ్రుతము, పరాక్రమము, దానము, కృతజ్ఞతలతో పాటు మితభాషణమును గూడ అందు చేర్చుట విశేషము. తొమ్మిది కడకు వచ్చుసరికి తొమ్మిది ద్వారముల యిల్లని శరీరమును చెప్పి, నీతినుండి వేదాంతమువైపు ఒక అడుగు వేయును. పదింటితో లెక్క ముగియును. ఆ పదింటిని గూర్చి ముందు విచారింపవలసియున్నది.

ఈ పద్ధతి విదురునిది మాత్రమే కాదు. బౌద్ధుల అంగుత్తరనికాయము ఒకటి మొదలు పదునొకటి వరకు, జైనుల స్థానాంగసూత్రము ఒకటి మొదలు పదివరకు ఇదే రీతిని విషయములను కూర్చినవి. వ్రాతకంటె వాక్కు ప్రధానమైన కాలమున ఉపదేశకుడు సంఖ్యను మేకుగా నాటి దానికి విషయమును తగిలించెను. మేకులు లెక్కింపబడినవి గనుక ఒకటి ఖాళీయైనచో వెంటనే తెలియును. ఆరింటిలో ఐదు చెప్పి ఆగిన శిష్యునకు ఇంకొకటి కలదని సంఖ్యయే జ్ఞాపకము చేయును.

దీనికి తెలుగుదేశపు పాఠశాలలనుండియే ఒక చక్కని నిదర్శనము కలదు. పైనుదహరించిన ఆరు దోషములలో ఆలస్యమనునది సంస్కృతమున సోమరితనము. తెలుగువాడుకలో ఆ శబ్దము జాగుచేయుట యను నర్థమున రూఢమైనది. విద్యార్థి తెలుగర్థమునే గ్రహించినయెడల ఆలస్యమును, దీర్ఘసూత్రతయు ఒక్కటియై ఆరు దోషము లైదగును. అట్లే నిద్రకును తంద్రకును, అనగా కునికిపాటునకును, భేదము నెరుగనివానికి నాలుగే మిగులును. లెక్క సరిపోలేదని ఆగినవాడే శబ్దార్థము సరిపోలేదని కనుగొనును. సంఖ్య ఇచట జ్ఞాపకమునకే కాక వ్యుత్పత్తికిని కావలియై యున్నది. వ్యాఖ్యాతలు సంఖ్యాప్రయోజనమును గూర్చి యింతగా చెప్పకుండుట, అది వారికి స్వయంసిద్ధమై యుండుటచేతనే కావచ్చును.

ఇంతవరకు వివాదము లేదు. సంఖ్య ధారణోపకారకము. కాని నీతివిషయమున ధారణతోనే పని ముగియునా యనునది ప్రశ్న. వ్యాకరణసూత్రము కంఠస్థమైనచో ప్రయోగము కంటబడినపుడు సూత్రము దానంతట అదే ముందుకు వచ్చును. ప్రయోగమే దానిని పిలుచును. నీతి యట్లు కాదు. ఆరు దోషములను అప్పగించిన విద్యార్థియే మరుక్షణమున సహాధ్యాయిపై క్రోధపడును. ఆ క్షణమున నాలుగవ మేకున తగిలించిన క్రోధశబ్దము అతనికి స్ఫురింపదు. అడిగినచో చెప్పును; అవసరమైనపుడు రాదు.

భారతమునకు ఈ భేదము తెలియును. పరశురాముని వద్ద అసత్యమాడి అస్త్రవిద్య నేర్చిన కర్ణునకు ఆ గురువు ఇచ్చిన శాపము విద్య నశించుగాక యని కాదు. సమానునితో పోరాడు ప్రాణాంతక సమయమున బ్రహ్మాస్త్రము స్ఫురింపకుండుగాక యని. అంతవరకు ఆ విద్య అతనియందున్నట్లే యుండును. కావలసిన ఘడియయందు మాత్రమే యుండదు. నేర్చిన విద్యకు ఇంతకన్న ఘోరమైన శాపము లేదు. నీతిపాఠకులలో అధికులు ఏ గురువును శపింపకయే ఈ స్థితియందున్నారు.

ఈ విషయమును శాస్త్రదృష్టితో విమర్శించుటకు న్యాయదర్శనము చక్కని యుపకరణము నిచ్చుచున్నది. అనుభవము సంస్కారమును కలిగించును. సంస్కారమునుండి స్మృతి పుట్టును. తర్కసంగ్రహము చదివిన బాలునకును ఇది తెలియును. అయితే సంస్కారములన్నియు ఆత్మయందు ఒక్కమారే యున్నపుడు స్మృతులన్నియు ఒక్కమారే ఏల కలుగవు? ఈ శంకకు న్యాయసూత్రముల తృతీయాధ్యాయ ద్వితీయాహ్నికమున సమాధానము కలదు. సంస్కారమున్నంత మాత్రమున చాలదు. దానిని మేలుకొలుపు కారణము వేరుగా కావలెను. ఆ కారణములు ఒక్కమారుగా రావు. ఇట్టి కారణములు ఇరువదియేడు లెక్కింపబడినవి. ప్రణిధానము, నిబంధము, అభ్యాసము, లింగము, సాదృశ్యము, విరోధము, సుఖము, దుఃఖము, భయము మొదలగునవి వానిలోనివి. ఈ లెక్క నిదర్శనమాత్రమే కాని ఇంతే యని నిర్ణయము కాదని భాష్యకారుడైన వాత్స్యాయనుడు స్పష్టపరచెను.

భాష్యకారుని ఉదాహరణములు లోకానుభవమునకు దగ్గరివి. ఒర కనబడినచో కత్తి స్ఫురించును. రథమును చూచినచో రథకారుడు స్ఫురించును. పరస్పరము స్పర్ధించు ఇరువురిలో ఒకని చూచినచో రెండవవాడు స్ఫురించును. ఒకే గ్రంథమున కూర్పబడిన విషయములు ఒకదానినొకటి జ్ఞాపకము చేయును. దీనికే నిబంధమని పేరు. ఈ దృష్టితో చూచినయెడల విదురుని సంఖ్యాక్రమము నిబంధము క్రిందికి వచ్చును; వల్లె వేయుట అభ్యాసము క్రిందికి వచ్చును. ఇరువదియేడింటిలో పాఠశాల సాధారణముగా వినియోగించుకొనునవి ఈ రెండే. తక్కిన ఇరువదియైదును గ్రంథమునకు వెలుపల, వీధిలోను, ఇంటిలోను, సభలోను ఉన్నవి. నీతి కావలసివచ్చునదియు అచటనే. ఒక నీతి మరియొక నీతిని మాత్రమే పిలుచునట్లు కూర్పబడినచో, ఆ వరుసలోనికి ప్రవేశించుటకు బయటినుండి ద్వారము లేనట్లే యగును.

ఇక విదురుని పదింటిని పరిశీలింపవలెను. ధర్మము నెరుగనివారు పదిమంది యని అతడు చెప్పి, రాజును పేరు పెట్టి పిలిచి, వారిని తెలిసికొనుమనును. మత్తుడు, ప్రమత్తుడు, ఉన్మత్తుడు, శ్రాంతుడు, క్రుద్ధుడు, బుభుక్షితుడు, త్వరపడువాడు, లుబ్ధుడు, భీతుడు, కాముకుడు - వీరా పదిమంది. వీరితో సంగము కూడదని సామాన్యముగా తాత్పర్యము చెప్పుదురు. అది సరియే. కాని ఈ పదిమందియు ధర్మమును చదువనివారా యని విచారింపవలెను. ఆకలిగొన్నవాడు ఆకలికి పూర్వము ధర్మము నెరిగియే యుండెను. అన్నము తినిన పిదప మరల నెరుగును. అలసినవాడు నిద్రించి లేచినచో నెరుగును. త్వరపడువాడు నిలిచినచో నెరుగును. కనుక ఇచట ఎరుగకుండుట యనగా విద్య లేకుండుట కాదు, ఉన్న విద్య ఆ వేళకు స్ఫురింపకుండుట యని గ్రహించుట యుక్తము. ఉన్మత్తు నొక్కని విడిచినచో తక్కిన తొమ్మండుగురి స్థితులును ప్రతిమనుజునకు ఏదో ఒక దినమున వచ్చి పోవునవే. విదురుడు చెప్పినది పదిమంది మనుజుల జాబితా కాదు. ఒకే మనుజుని పది ఘడియల జాబితా.

ఈ యర్థము అంగీకృతమైనచో ఆ శ్లోకము తక్కిన సంఖ్యాశ్లోకములతో సమానస్థానము గలది కాదు. అంతకు ముందు చెప్పిన నీతులన్నియు ఎప్పుడు పనిచేయవో అది చెప్పుచున్నది. అది చివర నుండుటయు, అచట రాజునకు సంబోధన యుండుటయు యాదృచ్ఛికములు కావు. ఆ రాత్రి ధృతరాష్ట్రుడు లుబ్ధుడును భీతుడును. పదింటిలో రెండు అప్పటికే అతనియందున్నవి.

ఫలితమును గ్రంథమే చూపినది. విదురుడు చెప్పినదంతయు విని ధృతరాష్ట్రుడు ఒక్క మాటనైనను ఖండింపడు. నీవు చెప్పినట్లే నా బుద్ధి పాండవులయెడ మొగ్గుచున్నదని అంగీకరించును. కాని దుర్యోధనుని కలిసికొన్నంతనే అది మరల తలక్రిందగుచున్నదని తానే చెప్పుకొనును. దీనిని పుత్రవ్యామోహమని చెప్పి ఊరకుందురు. స్మృతిశాస్త్రదృష్టితో మరియొక యంశము కలదు. విదురుని సన్నిధి నీతిసంస్కారమునకు ఉద్బోధకము. దుర్యోధనుని సన్నిధి వేరొక సంస్కారమునకు ఉద్బోధకము. రాజునకు తన ముందు నిలిచినవాడే జ్ఞాపకకారణము. విదురుడు లేనిచోట నీతిని మేలుకొలుపు గుర్తు ఏదియు అతనికి లేదు. కురుక్షేత్రమునకు పోవు దారిలో ఈ లోపము చిన్నది కాదు.

సంఖ్యాక్రమమునే విదురుడు మరియొకచోట మరియొక రీతిగా వాడెను. ఒకటినుండి ఏడువరకు గల సంఖ్యలను మాత్రమే చెప్పి, అవి దేనికి సంకేతములో చెప్పకుండ ఒకే శ్లోకమున రాజనీతినంతయు బిగించెను. ఒకటి బుద్ధి. రెండు కార్యాకార్యములు. మూడు మిత్ర శత్రు ఉదాసీనులు. నాలుగు సామాద్యుపాయములు. ఐదు ఇంద్రియములు. ఆరు సంధివిగ్రహాది గుణములు. ఏడు వ్యసనములు. ఆంధ్రభారతమున తిక్కన సోమయాజి దీనిని ఒక తేటగీతిలో ఇమిడ్చెను. మూలము వినువానిని సుఖివి కమ్మని విధించును. తిక్కన యట్లు వర్తించువాడు వివేకధనుడని వర్ణించును. విధిని వర్ణనగా మార్చుటలో తిక్కన రుచి తెలియుచున్నది.

ఈ శ్లోకమున సంఖ్యలకంటె క్రియలు ముఖ్యము. ఒకటితో రెంటిని నిశ్చయింపవలెను, నాలుగింటితో మూటిని వశపరచుకొనవలెను, ఐదింటిని గెలువవలెను, ఆరింటి నెరుగవలెను, ఏడింటిని విడువవలెను. సంఖ్య మారినకొలది చేయవలసిన పని మారుచున్నది. పరీక్షలలో ఈ శ్లోకమునకు సంఖ్యార్థములను వివరింపుమని యడుగుదురు. విద్యార్థులు ఏడు పట్టికలు వ్రాసి క్రియలను మరతురు. నాలుగింటితో మూటిని అను సంబంధము తప్పినచో నాలుగు వేరుగను మూడు వేరుగను మిగిలి, శ్లోకము పప్పుదినుసుల చీటీవలె నగును. సప్తవ్యసనములను నేర్పునపుడు మనువును జతచేయుట మేలు. సప్తమాధ్యాయమున అతడు కామజములు పది, క్రోధజములు ఎనిమిది చెప్పి, వానిలో అతికష్టములైన వానిని ఏరి కామజములనుండి నాలుగు, క్రోధజములనుండి మూడు గ్రహించెను. మద్యము, జూదము, స్త్రీలు, వేట ఒకవైపు. దండపారుష్యము, వాక్పారుష్యము, అర్థదూషణము మరియొకవైపు. నాలుగు, మూడు అని విభజింపబడిన ఏడు ఎన్నటికిని జారదు. పైగా ఏది కోరికనుండి వచ్చినది, ఏది కోపమునుండి వచ్చినది అను మూలజ్ఞానము లాభము.

ధారణవిద్యలో భారతీయులు సాధించినదానికి వేదపాఠమే పరమావధి. క్రమమున రెండేసి పదములు గొలుసుగా సాగును. జటలో ఆ రెండే ముందునకు, వెనుకకు, మరల ముందునకు పోవును. ఘనలో మూడవపదము వచ్చి చేరి మూడును అటులే త్రిప్పబడును. ఒక స్వరము గాని ఒక వర్ణము గాని తప్పుటకు వీలు లేని కట్టడి యిది. అయినను దీని ప్రయోజనము పాఠరక్షణము. మంత్రార్థము నిత్యవ్యవహారమున స్ఫురించుట దీని లక్ష్యము కాదు. పదమును పదమే పిలుచునట్లు వెనుకటివారు దీనిని కల్పించిరి. నీతిబోధకు దీనిని నమూనాగా గ్రహించి, ఎంత వల్లె వేసిన అంత ఫలమనుకొనుట పొరపాటు. అవధానమందలి ధారణయు నట్టిదే. పృచ్ఛకుల ప్రశ్నలకు కూర్చిన పద్యములను చివర వరుసగా అప్పగించుటతో అవధాని పని ముగియును. ఆ జ్ఞాపకము సభతో పుట్టి సభతో కృతార్థమగును.

నీతిస్ఫురణమునకు నిజమైన నమూనా ఉపనిషత్తులలో కలదు. బృహదారణ్యకమున ప్రజాపతి దేవతలకు, మనుష్యులకు, అసురులకు ఒకే అక్షరమును, దకారమును, ఉపదేశించెను. దేవతలు దానిని దమమనియు, మనుష్యులు దానమనియు, అసురులు దయ యనియు గ్రహించిరి. ఎవరి లోపమునుబట్టి వారికి అర్థము తోచెను. ధారణభారము ఇందేమియు లేదు. ఒక్క అక్షరమును ఎవరు మరతురు? అయినను ఉపనిషత్తు అంతటితో ఆగలేదు. ఆ దకారమునే ఉరుము నేటికిని ఉచ్చరించుచున్నదని చెప్పినది. గురువు వద్ద లేనపుడు, గ్రంథము చేత లేనపుడు, శిష్యుడు మరచియున్నపుడు ఆకాశము ఉరిమి జ్ఞాపకము చేయును. అక్షరము ధారణకు, ఉరుము స్ఫురణకు. న్యాయసూత్రభాషలో ఇది సాదృశ్యమను స్మృతిహేతువు. ఉపదేశము ఇంత చిన్నదై, గుర్తు ఇంత పెద్దదైన స్థలము వాఙ్మయమున మరియొకటి కనబడదు.

తైత్తిరీయ శీక్షావల్లిలో ఈ రెండును వేర్వేరు అనువాకములందున్నవి. తొమ్మిదవ అనువాకమున ఋతము, సత్యము, తపస్సు మొదలుగా పండ్రెండు కర్తవ్యములు చెప్పబడి, ప్రతిదానికి చివర స్వాధ్యాయప్రవచనముల పల్లవి మరల మరల వచ్చును. అది ధారణ. పదునొకండవ అనువాకమున గురువు శిష్యుని పంపుచు, కర్మవిషయమున గాని నడవడి విషయమున గాని సందేహము కలిగినయెడల ఆ ప్రదేశమందలి విచారశీలురు, అకఠినులు, ధర్మకాములు ఎట్లు వర్తింతురో అట్లు వర్తింపుమనును. ఇది నూతనవిధి కాదు. విధి స్ఫురింపనిచోట పురుషుడు స్ఫురింపవలెనని ఏర్పాటు.

కథావాఙ్మయము ఈ మార్గమునే విస్తరించినది. శాంతిపర్వమున ఆపద్ధర్మప్రకరణమందు మూడు చేపల కథ కలదు. చెరువు ఎండునని ముందే యెరిగి తొలగిపోయినది ఒకటి. చిక్కిన పిదప యుక్తితో తప్పించుకొన్నది మరియొకటి. చూతములెమ్మని యుండి చచ్చినది మూడవది. ఆ మూడవ చేప పేరే దీర్ఘసూత్రము. విదురుని ఆరవదోషమునకు ఇచట శరీరము కలిగినది. పంచతంత్రమున ఆ మత్స్యములే అనాగతవిధాత, ప్రత్యుత్పన్నమతి, యద్భవిష్యుడు అని వ్యవహరింపబడుచున్నవి. నామమే నీతి, నామధారి ప్రాణి. దీర్ఘసూత్రతను దోషముగా వల్లె వేసినవానికి అది జాబితా చివర నుండును. చేపగా చూచినవానికి ఎండుచున్న చెరువును చూచినప్పుడెల్ల స్ఫురించును.

హితోపదేశమున వృద్ధవ్యాఘ్రము బంగారు కంకణమును చూపి బాటసారిని పిలిచిన కథ, పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికద్వారా తెలుగుబాలురకు పరిచితము. ఆ బాటసారి నీతి తెలియనివాడు కాడు. సంస్కృతమూలమున అతడు సంశయించును, తర్కించును, ఆపై లోభముచేత దిగును. బురదలో దిగబడి పులిచేత పట్టుబడిన పిదప అతనికి నీతులు వరుసగా, నిర్దుష్టముగా స్ఫురించును. గ్రంథకర్త హాస్యమును ఇచట పలువురు గమనింపరు. పులి పట్టిన పిదప వచ్చిన స్మృతియు స్మృతియే. శాస్త్రప్రకారము దుఃఖమును ఒక స్మృతిహేతువు. అయితే ఈ కథను బాల్యమున చదివినవానికి, శ్రమ లేని లాభము ఎవడైన చూపినపుడు కంకణము కనుల ముందు మెరయును. ఒర కత్తిని జ్ఞాపకము చేసినట్లు కంకణము పులిని జ్ఞాపకము చేయును. విదురుని పదిమందిలోని లుబ్ధునకు ఇంతకంటె మంచి కావలి లేదు.

తెలుగు శతకములలోను ఈ భేదము కలదు. సుమతిశతకమును అకారాది క్రమమున అచ్చువేయుట వాడుక. ఎత్తుగడ స్ఫురించినచో పద్యము దొరకును. ధారణకు అది మేలు. మారద వెంకయ్య భాస్కరశతకమున నీతితో పాటు లోకమునుండి గాని పురాణమునుండి గాని ఒక దృష్టాంతమును బిగించెను. నీతి మరుగుపడినను దృష్టాంతము కంటబడినపుడు అది వెంట వచ్చును.

పాతంజలులు ఈ విషయమున మరింత సాహసించిరి. యమములైదు, నియమములైదు అని వారును లెక్కించిరి. కాని హింసాదుల తలంపు పుట్టినపుడు ప్రతిపక్షభావనము చేయవలెనని విధించి, చెడుతలంపునే మంచి తలంపునకు గుర్తుగా మార్చిరి. శత్రువు కనబడినచో వాని ప్రత్యర్థి స్ఫురించునను న్యాయభాష్యమందలి విరోధము ఇదియే. ఉరుము ఎప్పుడో ఉరుమును. చెడుతలంపు నిత్యము వచ్చును. అది వచ్చినప్పుడెల్ల తన విరోధిని వెంటబెట్టుకొని రావలెనను నభ్యాసము క్లిష్టమే యైనను, పదిమందిలోని క్రుద్ధునకును కాముకునకును వేరు మందు లేదు.

ఇటీవలి వ్యక్తిత్వవికాస గ్రంథములును సంఖ్యనే ఆశ్రయించుచున్నవి. అమెరికా దేశస్థుడైన స్టీఫెన్ కోవీ 1989లో ప్రకటించిన గ్రంథమున అలవాట్లు ఏడు. వీనిని చూచి మన ప్రాచీనులు చెప్పినదే యని సంతోషించుట గాని, వీనిలో ఏమున్నదని తిరస్కరించుట గాని విమర్శ కాదు. సంఖ్య యెంతవరకు ఉపకరించునో వానికిని అంతవరకే ఉపకరించును. ఆ దేశమునందే బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్వీయచరిత్రమున చెప్పిన పద్ధతి ఇంతకంటె విచారార్హము. అతడు పదుమూడు గుణములను ఎన్నుకొని, వారమునకొక గుణముపై ప్రత్యేకదృష్టి నుంచి, పదుమూడు వారముల కొక యావృత్తి చొప్పున ఏడాదికి నాలుగావృత్తులు చేయనెంచెను. చిన్నపుస్తకమున గళ్లు గీసి, ప్రతిదినము తప్పిన గుణమునకెదురుగా నల్లచుక్క పెట్టెను. ఇందు సంఖ్య కలదు, అభ్యాసము కలదు. వానికి మించి, దినాంతమున తన నడవడిని తాను పరీక్షించుకొనుట కలదు. ప్రతిదినమును స్వచరితమును పరిశీలించుకొమ్మను సుభాషితము మన సంకలనములలోను ప్రసిద్ధము. నల్లచుక్క తప్పు జరిగిన పిదప వచ్చు గుర్తే. కాని మరునాటి తప్పునకు అది ముందు వచ్చును.

అరణ్యపర్వమందలి యక్షప్రశ్నఘట్టమును ఈ సందర్భమున మరల చదువవలెను. నకులాదులు నలుగురును దప్పికతో సరస్సునకు వచ్చిరి. యక్షుని వారింపు విన్నను నీరు త్రాగిరి. ధర్మరాజును దప్పికతోనే వచ్చెను. అతడు నిలిచెను. ఆ తరువాత వచ్చిన ప్రశ్నలకు ఉత్తరములు అతనికి తెలియుటను అందరును కొనియాడుదురు. నీరు ముందుండగా అవి అతనికి స్ఫురించుటయే విశేషము. తమ్ములకు ధర్మము తెలియదనుట సాహసము.

ప్రాచ్యకళాశాలలలో నీతిగ్రంథములను బోధించు తీరును ఈ విచారణ కొంత మార్చవలసియున్నది. శ్లోకము, పదవిభాగము, అన్వయము, తాత్పర్యము, వ్యాకరణాంశములు - ఈ వరుస యుండవలసినదే. దీనిని తగ్గింపరాదు, అన్వయము రానివానికి నీతి వచ్చునను నమ్మకము నేటి కాలపు సోమరితనము. దానికి ఒక ప్రక్రియను జోడింపవలెను. అధ్యాపకుడు సంఖ్యను చెప్పి శ్లోకమును అడుగుటకు మారుగా, సందర్భమును చెప్పి శ్లోకమును అడుగవలెను. అన్నదమ్ములు ఆస్తి పంచుకొనుచున్నారు, పెద్దవాడు తొందరపెట్టుచున్నాడు, ఇచట విదురుడు ఏమనును? ఒక మిత్రుడు ధనము నడుగుచున్నాడు. ఇత్తుననుటకును లేదనుటకును భయము కలుగుచున్నది. ఇచట ఏ సంఖ్య? ఒకే సందర్భమునకు ఇద్దరు విద్యార్థులు రెండు శ్లోకములు చెప్పినయెడల మరియు మేలు. ఏది తగునో వాదించుకొందురు. పంచతంత్రమున కరటకదమనకులు చేసినది ఇదియే. శ్లోకము ఏ సందర్భమునకు పలుకబడెనో ఆ సందర్భముతోనే జ్ఞాపకమున నాటుకొనును. సందర్భము మరల వచ్చినపుడు దానితో కూడ లేచును.

ప్రశ్నపత్రములందును ఒక ప్రశ్న యిట్టిది చేర్చుటకు కష్టమేమియు లేదు. మూల్యాంకనము కష్టమని యాక్షేపింపవచ్చును. విద్యార్థి సూచించిన శ్లోకము ఆ సందర్భమునకు తగునా యని నిర్ణయించుట అధ్యాపకునకు కష్టమైనయెడల, ఆ కష్టము అధ్యాపకునకే ఉపకరించును.

పదిమందిని గూర్చిన శ్లోకమును బోధించునపుడు విద్యార్థులను అడుగదగినది మరియొకటి కలదు: వీరిలో దోషము లేనివారెవరు? ఆకలిగొనుట తప్పు కాదు. అలయుట తప్పు కాదు. అయినను విదురుడు వారిని లోభితోను, కామితోను ఒకే పంక్తిలో కూర్చుండబెట్టెను. స్ఫురణము చెడుటకు పాపమే చేయనక్కరలేదు; పొద్దు వాలువరకు పనిచేసి భోజనము మానిన చాలును. పలు కళాశాలలలో వ్యాకరణమును, సాహిత్యమును ఉదయమున నుంచి, నీతిగ్రంథమును సులభమని తలచి చివరి గంటకు వేయుదురు. శ్రాంతుడు, బుభుక్షితుడు, త్వరపడువాడు - ముగ్గురును ఆ గంటకు ఆ గదియందే యుందురు. అధ్యాపకునితో కలిపి లెక్కింపవచ్చును.